గేమ్ కంట్రోలర్‌కు వైరా, వైర్‌లెస్సా? బ్యాటరీ ఎలాంటిది?

ఈ పాఠం తెరమీద అయితే కంట్రోలర్‌ను విప్పి లోపలి భాగాలు ఒక్కొక్కటిగా చూపించవచ్చు. అచ్చులో ఆ సౌకర్యం లేదు. కాబట్టి మీ ఇంట్లో గేమ్ కంట్రోలర్ ఉంటే దాన్ని చేతిలో పట్టుకుని చదవండి. లేకపోతే టీవీ రిమోటు అయినా సరే. చెప్పబోయే వాటిలో సగం దానికీ వర్తిస్తాయి.

ముందుగా మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెబుతాను. మా చెల్లెలి కొడుకు హనుమకొండలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు కాలేజీ ఉత్సవంలో ఫుట్‌బాల్ వీడియో గేమ్ పోటీ పెట్టారు. ఎవరి కంట్రోలర్ వాళ్లే తెచ్చుకోవాలి. మావాడిది వైర్‌లెస్ కంట్రోలర్. హాల్లో జనం ఎక్కువ ఉంటారని, సంకేతం తెగిపోతుందేమోనని జాగ్రత్తపడి, వైరు తీసుకెళ్లి ల్యాప్‌టాప్‌కు తగిలించే ఆడాడు. మూడు ఆటలు గెలిచాడు. సెమీఫైనల్లో, ఆట ఇంకా నాలుగు నిమిషాలు ఉందనగా, అతని ఆటగాడు తెరమీద కొయ్యబొమ్మలా నిలబడిపోయాడు. రెండు మూడు సెకన్లలో కంట్రోలర్ మళ్లీ పనిచేసింది కానీ ఆ రెండు మూడు సెకన్లలోనే గోల్ పడింది. సాయంత్రం నాకు ఫోన్ చేసి, "మామయ్యా, వైరు పెట్టే ఆడాను. బ్యాటరీ చార్జ్ అవుతున్న దీపం కూడా వెలుగుతోంది. అయినా కట్టయింది. వైరు పెట్టాక కూడా కట్టయితే ఇంక వైరెందుకు?" అన్నాడు. నిర్వాహకులను అడిగితే నీ పరికరం, నీ బాధ్యత అన్నారట. ఆ మాటా తప్పు కాదు.

ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు నా దగ్గర జవాబు లేదు. మర్నాడు వైరు పట్టుకుని రమ్మన్నాను. జవాబు ఆ వైరులోనే దొరికింది. అదేమిటో చెప్పేముందు కంట్రోలర్ చేసే పని చూద్దాం.

కంట్రోలర్ పంపే సమాచారం చాలా తక్కువ. ఏ మీట నొక్కారు, పుల్లలు రెండూ ఎటు ఎంత వంగాయి, వేళ్లకింది ట్రిగ్గర్లు ఎంత లోపలికి వెళ్లాయి, ఇంతే. పాటలాగానో సినిమాలాగానో పెద్ద ప్రవాహం కాదు, ఒక చిన్న చీటీ లాంటిది. అయితే ఆ చీటీ సెకనుకు వందసార్లకు పైగా వెళుతుండాలి, ప్రతిసారీ వేళకు చేరాలి. మనకు కావలసింది పెద్ద గొట్టం కాదు, ఆలస్యం చేయని తపాలా మనిషి.

వైరు పద్ధతిలో ఆ మనిషి యుఎస్‌బి. మామూలు యుఎస్‌బి వైరు చీల్చి చూస్తే లోపల నాలుగు సన్నని తీగలుంటాయి. రెండు విద్యుత్తు కోసం, 5 వోల్టుల తీగ ఒకటి, భూతీగ ఒకటి. మిగతా రెండూ సమాచారం కోసం. ఇక్కడ ఒక విశేషం ఉంది. కంట్రోలర్ తనంతట తాను మాట్లాడదు. కంప్యూటరే "ఏమైనా ఉందా?" అని అడుగుతుంది, అడిగినప్పుడే ఇది జవాబిస్తుంది. సాధారణంగా సెకనుకు 125 సార్లు అడుగుతుంది, అంటే 8 మిల్లీసెకన్లకు ఒకసారి. పోటీలకోసం చేసిన కొన్ని కంట్రోలర్లలో సెకనుకు 1000 సార్లు. బ్యాటరీ అక్కర్లేదు, తూకం తక్కువ, ధర కూడా సాధారణంగా తక్కువే. వైరు పొడవు మాత్రం చూసుకోవాలి. యుఎస్‌బి 2.0 వైరుకు పరిమితి 5 మీటర్లు. కంట్రోలర్‌తో ఇచ్చేవి ఎక్కువగా మూడు మీటర్ల లోపే. సోఫా నుంచి టీవీ పది అడుగులు దాటితే వైరు సరిపోదు, సరిపోయినా నేలమీద నడిచేవాళ్ల కాళ్లకు తగులుతుంది. 2001లో వచ్చిన మొదటి ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ వైరు మధ్యలో ఊడివచ్చే అతుకు పెట్టింది ఇందుకే. ఎవరైనా వైరు తట్టుకుంటే అతుకు ఊడుతుంది, పెట్టె బల్లమీంచి కిందపడదు. ఇంట్లో తప్పటడుగుల పిల్లలో, రాత్రి మంచినీళ్లకు లేచే పెద్దవాళ్లో ఉంటే ఈ విషయం ధర కంటే ముందు ఆలోచించాలి.

వైర్‌లెస్‌కు తొలిరోజుల్లో టీవీ రిమోటులో వాడే పరారుణ కిరణాలే వాడారు. 1989లో నింటెండో కంపెనీ తెచ్చిన శాటిలైట్ అనే పరికరం అలాంటిదే. ఎదురుగా ఎవరైనా నిలబడితే ఆట ఆగిపోయేది. రేడియో తరంగాలకు ఆ ఇబ్బంది లేదు. ఆ పద్ధతిలో అందరినీ నమ్మించింది 2002లో అదే కంపెనీ గేమ్‌క్యూబ్ కోసం చేసిన వేవ్‌బర్డ్. దాని ఆయువు రెండు పెన్సిల్ సెల్లు. కంపెనీ చెప్పిన లెక్క ప్రకారం వాటితో సుమారు 100 గంటలు నడిచేది. అంతకాలం ఎలా నడిచిందో తెలుసా? చేతిలో అదిరే మోటారును అసలు పెట్టలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, బ్యాటరీల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

వేవ్‌బర్డ్ నుంచి నేటి కంట్రోలర్ల దాకా దాదాపు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోనే మాట్లాడతాయి. బ్లూటూత్ అదే, వైఫైలో ఒక భాగం అదే, వైర్‌లెస్ మౌసూ అదే. వంటింట్లో మైక్రోవేవ్ పొయ్యి పనిచేసేదీ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే. అందరూ ఇక్కడికే ఎందుకు వచ్చారంటే ఈ పట్టీకి లైసెన్సు అక్కర్లేదు. మన దేశంలో కూడా తక్కువ శక్తి పరికరాలకు 2.4 నుంచి 2.4835 గిగాహెర్ట్జ్ వరకు లైసెన్సు అవసరం లేకుండా 2005లో కేంద్రం నిబంధనలు చేసింది. లైసెన్సు లేని చోట రద్దీ తప్పదు. సంతలో అందరూ ఒకేసారి కేకలు వేస్తున్నట్టు ఉంటుంది అక్కడ.

ఈ గోలలో మాట వినపడటానికి బ్లూటూత్ ఒక ఉపాయం చేస్తుంది. పట్టీని 79 దారులుగా విడగొట్టి, సెకనుకు 1600 సార్లు దారి మారుతుంది. ఒక దారిలో అడ్డం తగిలితే తర్వాతి క్షణంలో మరో దారి. ఎప్పుడూ రద్దీగా ఉండే దారులను గుర్తుపట్టి వదిలేసే తెలివి కూడా 2003లో వచ్చిన రూపంతో చేరింది. ఇంట్లో నలుగురూ నాలుగు ఫోన్లు పట్టుకుని కూర్చున్నా మీ ఆట సాగుతోందంటే కారణం ఇదే. కానీ రెండు వందల ఫోన్లు, పాతిక హాట్‌స్పాట్‌లు ఉన్న హాల్లో తప్పించుకోవడానికి దారులే మిగలవు.

ఇంట్లో సంకేతం తెగుతుంటే నేను చూసే వాటిలో మొదటిది ఇనుము. గేమింగ్ పెట్టెను స్టీలు బీరువాలోనో, ఇనుప తలుపున్న అలమరలోనో పెడితే తరంగం లోపలికి పోదు. రెండోది మన శరీరం. మన ఒంట్లో నీరు ఎక్కువ, ఆ నీరు ఈ తరంగాలను పీల్చుకుంటుంది. ల్యాప్‌టాప్ వెనక చిన్న రిసీవర్ గుచ్చి దానికి వీపు పెట్టి కూర్చుంటే తేడా వస్తుంది. మూడోది చాలామందికి తెలియదు. యుఎస్‌బి 3.0 పోర్టు, దానికి తగిలించిన హార్డ్‌డిస్కు సమాచారం పంపేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తాయి. ఇంటెల్ సంస్థ 2012లో దీనిమీద ఒక పత్రమే ప్రచురించింది. పరిష్కారం సులభం. హార్డ్‌డిస్కు దూరంగా జరపండి, లేదా రిసీవర్‌ను అరమీటరు పొడిగింపు వైరు పెట్టి ముందుకు తెచ్చుకోండి.

ఇక ఆలస్యం మాట. వైర్‌లెస్ అంటే ఆలస్యం అన్న భయం చాలామందిలో ఉంది. అంకెలు చూద్దాం. తెరమీద సెకనుకు 60 బొమ్మలు మారితే ఒక్కో బొమ్మ వయసు 16.7 మిల్లీసెకన్లు. మంచి వైర్‌లెస్ కంట్రోలర్‌కూ వైరు కంట్రోలర్‌కూ తేడా కొద్ది మిల్లీసెకన్లే, అంటే ఒక బొమ్మ వయసుకంటే తక్కువ. బొమ్మను నున్నగా చేయడానికి టీవీ తనలో తాను తీసుకునే సమయం చాలా టీవీల్లో దానికి అనేక రెట్లు ఉంటుంది. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ అని ఒకటి ఉంటుంది, దాన్ని వేస్తే ఆ పని చాలావరకు ఆగిపోతుంది. ఆలస్యం తగ్గించుకోవాలని కొత్త కంట్రోలర్ కొనబోయేవారికి నా సలహా, ముందు ఈ ఒక్క మీట నొక్కి చూడండి. ఖర్చు లేదు. పోటీల్లో వైరు అడగడానికి అసలు కారణం ఆలస్యంకన్నా నమ్మకం. వైర్‌లెస్ సగటున బాగానే ఉంటుంది, ఎప్పుడో ఒకసారి తడబడుతుంది. ఆ ఒక్కసారి సెమీఫైనల్లో రావచ్చు. పైగా ఒక ఆటగాడి కంట్రోలర్ పక్క బల్లమీది పెట్టెకు తగులుకుని వేరేవాళ్ల ఆటను ఆపిన సందర్భాలూ ఉంటాయి. అందుకే చాలా పోటీల నియమాల్లో వైరు తప్పనిసరి. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ-స్పోర్ట్స్‌ను బహుళ క్రీడల పోటీల్లో భాగంగా గుర్తించింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వాటికి పతకాలు కూడా ఇచ్చారు. కాబట్టి ఇది పిల్లల గొడవ అని తీసిపారేసే విషయం ఇప్పుడు కాదు.

మళ్లీ మావాడి వైరు దగ్గరికి వద్దాం. వైరు తగిలించినంత మాత్రాన కంట్రోలర్ వైరులో మాట్లాడుతోందని కాదు. కొన్నింటిలో వైరు కేవలం చార్జింగ్ కోసమే. ఎక్స్‌బాక్స్ 360 వైర్‌లెస్ కంట్రోలర్‌కు అమ్మిన చార్జింగ్ వైరు అలాంటిదే. వైరు ఉన్నా సంకేతం గాలిలోనే వెళ్లేది. ప్లేస్టేషన్ 4తో మొదట వచ్చిన కంట్రోలర్ కూడా వైరు తగిలించినా పెట్టెతో బ్లూటూత్‌లోనే మాట్లాడేది. 2016లో వచ్చిన సవరించిన రూపంలోనే సమాచారాన్ని వైరులోంచి పంపే వీలు కల్పించారు. మావాడి కంట్రోలర్ వైరులో మాట్లాడగలిగేదే. లోపం వైరులో ఉంది. అది హాస్టల్ బయట కొట్లో కొన్నది, ఏదో చార్జర్ వైరు. చివర కోసి చూస్తే నాలుగు తీగలకు బదులు రెండే ఉన్నాయి. విద్యుత్తు వస్తోంది, దీపం వెలుగుతోంది, మాట మాత్రం వెళ్లడం లేదు. కంట్రోలర్ పాపం ముందులాగే బ్లూటూత్‌లో మాట్లాడుతూ ఉంది. ఆ పోర్టు పక్కనే ఆటలున్న యుఎస్‌బి 3.0 హార్డ్‌డిస్కు తగిలించి ఉందని తర్వాత అతనే చెప్పాడు. హాలంతా ఫోన్లు సరేసరి.

దీన్ని మీరు కోసి చూడాల్సిన పనిలేదు. ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్ ఆపేసి వైరు తగిలించండి. ఆట నడిస్తే వైరు మంచిదే. నడవకపోతే ఆ వైరు చార్జింగుకు తప్ప పనికిరాదు. గేమింగ్ పెట్టెల్లో అయితే కంట్రోలర్‌తో వచ్చిన అసలు వైరునే వాడి, దానికి ఒక రంగు దారం కట్టుకోండి. ఇంట్లో వైర్లన్నీ నల్లగా ఒకేలా ఉంటాయి మరి.

ఇప్పుడు బ్యాటరీలు. మార్కెట్లో రెండు వంశాలు కనిపిస్తాయి. పెన్సిల్ సెల్లు రెండు వేసుకునేవి ఒకటి, లోపలే లిథియం అయాన్ బ్యాటరీ బిగించి వచ్చేవి రెండు. ఎక్స్‌బాక్స్ మొదటి దారిలో, ప్లేస్టేషన్ 2006 నుంచి రెండో దారిలో నడుస్తున్నాయి. ఏది ఎక్కువ బలమైనదని అడుగుతారు. చిన్న లెక్క వేద్దాం. మంచి రీచార్జి పెన్సిల్ సెల్లు 1.2 వోల్టులు, సుమారు 2000 మిల్లీ ఆంపియర్ గంటలు. గుణిస్తే 2.4 వాట్ గంటలు, రెండు సెల్లకు 4.8. నింటెండో స్విచ్ ప్రో కంట్రోలర్‌లోని లిథియం బ్యాటరీ 1300 మిల్లీ ఆంపియర్ గంటలు, 3.7 వోల్టులు. గుణిస్తే అదీ 4.8 వాట్ గంటలే. అంటే సరిసమానం. కానీ ఆ నింటెండో కంట్రోలర్ ఒక్క చార్జింగుతో సుమారు 40 గంటలు నడుస్తుంది. ప్లేస్టేషన్ 4 కంట్రోలర్ బ్యాటరీలో 3.7 వాట్ గంటలుంటాయి, అది ఏడెనిమిది గంటలు దాటడం అరుదు. తేడా బ్యాటరీలో లేదు, ఖర్చులో ఉంది. ఎప్పుడూ వెలిగే దీపం, చిన్న స్పీకరు, అదిరే మోటారు, ఇవన్నీ తినేవే. వేవ్‌బర్డ్ మోటారు ఎందుకు మానుకుందో ఇప్పుడు తెలిసింది కదా. దీపం వెలుగు, అదురు తగ్గించుకునే వీలు సెట్టింగుల్లో ఉంటే తగ్గించండి.

పెన్సిల్ సెల్లలోనూ రకాలున్నాయి. గోడ గడియారానికి వేసే చవక జింకు సెల్లు కంట్రోలర్‌కు పనికిరావు. మోటారు లాగే విద్యుత్తుకు అవి తట్టుకోవు, పైగా త్వరగా కారతాయి. ఆల్కలైన్ సెల్లు బాగుంటాయి కానీ పారేయాల్సిందే. రోజుకు రెండు గంటలు ఆడే పిల్లవాడికి ఒక జత 40 గంటలు వస్తుందనుకుంటే ఇరవై రోజులకు ఒక జత, ఏడాదికి 36 సెల్లు. మీ వీధి కొట్లో ధరతో గుణించి చూసుకోండి. నాలుగు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు, ఒక మంచి చార్జరు కొంటే ఆ డబ్బు త్వరలోనే తిరిగి వస్తుంది. రెండు లోపల, రెండు చార్జరులో. పాత నికెల్ సెల్లు పెట్టెలో ఉంచినా నెలరోజుల్లో నీరసించేవి. 2005లో సాన్యో కంపెనీ ఎనిలూప్ పేరుతో తెచ్చిన రకం నుంచి ఆ బాధ తగ్గింది. ఇప్పుడు ఈ తరహావి అనేక కంపెనీలవి దొరుకుతున్నాయి. ప్యాకెట్ మీద చార్జి నిలుపుకుంటుందనో, ముందే చార్జి చేసి ఉందనో రాసి ఉంటుంది. 3000కు పైన భారీ అంకెలు రాసిన చవక సెల్లను నేను కొనను.

చార్జరు కూడా ఒక్కో సెల్లును విడిగా చూసుకునేది తీసుకోండి. ఇన్ని గంటలకు ఆగిపోతుందని గడియారం మాత్రమే ఉన్నది వద్దు. పాత సెల్లును కొత్తదానితో జత చేయవద్దు. బలహీనమైనది ముందు ఖాళీ అయి, బలమైనది దాన్ని తిరగబడేలా తోస్తుంది, కారేది అప్పుడే. ఆల్కలైన్ కారి బుర్రలమీద తెల్ల పొడి పేరుకుంటే దూదికి కొంచెం వెనిగర్ అద్ది తుడిచి, బాగా ఆరనివ్వండి. ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. పెన్సిల్ సెల్లు సైజులోనే 14500 అనే లిథియం సెల్లు దొరుకుతాయి. ఒక్కొక్కటి 3.7 వోల్టులు. రెండు వేస్తే 3 వోల్టులు రావలసిన చోట 7.4 వోల్టులు వస్తాయి. కంట్రోలర్ కాలిపోతుంది. సైజు సరిపోయింది కదా అని వేయవద్దు.

లోపల బిగించిన లిథియం అయాన్ బ్యాటరీకి కూడా ఒక చరిత్ర ఉంది. దాన్ని మొదట 1991లో సోనీ కంపెనీ మార్కెట్లోకి తెచ్చింది. ఆ పరిశోధనకు 2019లో గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. తేలిక, చక్కని పనితనం, విడిగా సెల్లు కొనే బాధ లేదు. దీనికి శత్రువు వేడి. మే నెలలో రామగుండంలోనో, విజయవాడలోనో ఎండలో నిలిపిన కారులో కంట్రోలర్ సంచి వదిలేస్తే దాని వయసు కరిగిపోతుంది. నిండా చార్జి చేసి నెలల తరబడి పక్కన పెట్టడం, పూర్తిగా ఖాళీ చేసి ఏడాది మరిచిపోవడం, రెండూ చెరుపే. పరీక్షల కాలంలో కంట్రోలర్ దాచేసే తల్లిదండ్రులు సగం చార్జితో దాచండి, రెండు మూడు నెలలకు ఒకసారి తీసి కొంచెం చార్జి పెట్టండి. దాచిన చోటు పిల్లలకు తెలిసిపోతుందన్న భయం మీ ఇష్టం.

కొన్నేళ్లకు ఆ బ్యాటరీ శక్తి తగ్గడం సహజం. అప్పుడు కంట్రోలర్ మొత్తం పారేయనక్కర్లేదు. ఫోన్లు బాగుచేసేవారు చాలామంది దీన్నీ మారుస్తారు. కొనేముందే ఈ ప్రశ్న అడగడం మంచిది, బ్యాటరీ మార్చడం సులభమేనా అని. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన నిబంధన ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే పరికరాల్లో చిన్న బ్యాటరీలను, కొన్ని మినహాయింపులు పోను, కొన్నవారే విప్పి మార్చుకునేలా ఉండాలి. కంట్రోలర్ వెన్ను ఉబ్బినట్టు, అతుకు విచ్చుకున్నట్టు కనిపిస్తే మాత్రం వెంటనే ఆపండి. లోపల వాయువు పుట్టి బ్యాటరీ ఉబ్బింది. చార్జి పెట్టకండి, నొక్కకండి, సూదితో గుచ్చకండి. మంట పుట్టే ప్రమాదం ఉంది. ఇసుక పోసిన ఇనుప పాత్రలో, మండే వస్తువులకు దూరంగా ఉంచి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి ఇవ్వండి. చెత్తబుట్టలో వేయకూడదు. మన దేశంలో 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వాడిన బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యతను తయారీదారులమీద పెట్టాయి.

మరి ఏది కొనాలి? కంప్యూటరు బల్ల దగ్గరే కూర్చుని ఆడేవారికి వైరు కంట్రోలర్ చాలు, మిగిలిన డబ్బుతో ఒక మంచి ఆట కొనుక్కోవచ్చు. హాల్లో సోఫామీంచి, ఇంటిల్లిపాదీ ఆడేవారికి వైర్‌లెస్ సుఖం. చిన్నపిల్లలున్న ఇంట్లో లోపల బిగించిన బ్యాటరీయే నయం అంటాను, చిన్న చేతులకు సెల్లు దొరకవు. ఒక్కటే కొనగలిగి, ఇంట్లో ఆడుతూ అప్పుడప్పుడు పోటీకి కూడా వెళ్లే కుర్రాడికి, పెన్సిల్ సెల్లతో వైర్‌లెస్‌గా నడుస్తూ, సెల్లు తీసేసి వైరు తగిలించినా ఆడే రకం నా ఎంపిక. ఎక్స్‌బాక్స్ వన్ నుంచి వచ్చిన కంట్రోలర్లు అలా పనిచేస్తాయి. సెల్లు తీసేసి ఆడితే ఇంకో లాభం ఉంది. కంట్రోలర్ బతికి ఉందంటే అది వైరు మీదే బతుకుతోందని కంటికి తెలుస్తుంది. వైరు తగిలించాక బ్లూటూత్ కూడా ఆపేస్తే, మాట కూడా వైరులోనే వెళుతోందని రూఢి అవుతుంది.

మావాడు మరుసటి ఏడాది మళ్లీ ఆ పోటీకి వెళ్లాడు. నాలుగు తీగలున్న వైరు, ఎర్ర దారం కట్టినది, సంచిలో రెండు పెట్టుకున్నాడు. హార్డ్‌డిస్కు పోర్టు నుంచి తీసి పక్కన పెట్టించాడు. ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్ ఆపమని నిర్వాహకులను అడిగి, ఆపాకే కూర్చున్నాడు. రెండో ఆటలోనే ఓడిపోయాడు. "ఈసారి కంట్రోలర్‌ది తప్పు కాదు మామయ్యా, ఎదుటివాడు బాగా ఆడాడు" అని నవ్వాడు.